ప్రయాణములో మంచినీరు, మంచుగడ్డ



నేడు నేను చెప్పబోవు విషయము చూచుటకు చిన్నది. ఊరు విడిచి పది దినములు బండిలోనో పడవలోనో కాపురము చేయువారికి నాలుకకు హితవైన నీరు, ఎండవేళ గొంతు చల్లబఱచు మంచుగడ్డ దొరకుట యెట్లు? దొరకినదానిని నమ్ముట యెట్లు? ఇంతమాత్రమే. కాని ఇందు అజాగ్రత్త వహించి, కాశి చూడబోయినవారు వైద్యశాల చూచి మరలి వచ్చుట మనము ఎఱుగనిది కాదు. అందులోను వయస్సు మీఱినవారికి ఒక్క దినపు విరేచనములు చాలును, నెల దినములవఱకు లేవకుండునట్లు చేయుటకు.

మన గోదావరి మండలములనుండి తీర్థయాత్రలకు పోవు బస్సులను మీరెల్లరు చూచియే యుందురు. బియ్యపు బస్తాలు, గుండిగలు, గ్యాసు పొయ్యి వెంట వచ్చును. వంటమనిషియు వెంటనే వచ్చును. కాశి, గయ, ప్రయాగ, రామేశ్వరము చూచి వచ్చువఱకు పదునైదు ఇరువది దినములు ఆ బస్సే ఇల్లు, ఆ బస్సే వాకిలి. ఇటీవల కొందఱు కలిగినవారు పడకలు, పొయ్యి, నీటితొట్టి, చిన్న ఫ్రిజ్జు సమస్తము లోపలనే అమర్చిన మోటారుబండ్లలో దేశసంచారము చేయుచున్నారు. ఇక మన నదిమీదనే పాపికొండలకు పోవు లాంచీలు కలవు. దిండివద్ద వశిష్ఠ గోదావరిమీద పడవ యిండ్లు కలవు. వీనిలో ఏ యింటికిని బావి లేదు, చెఱువు లేదు. నింపుకొన్న నీరే నీరు. అందుచేత ఆ నీటిని గూర్చి ముందుగా ఆలోచింపవలసి యున్నది.

మన భాషలో త్రాగు నీటిని మంచినీరు అందుము. ఈ 'మంచి' అను మాటలో రెండర్థములు ఇమిడి యున్నవి. ఉప్పు, చేదు లేక రుచిగా నుండుట ఒకటి. త్రాగినవానికి కీడు చేయకుండుట రెండవది. ఊరిలో నున్నంతకాలము ఈ రెండును ఒకటే యని మనము భావింతుము. ఏ బావినీరు మంచిదో, ఏ చెఱువులో పశువులు దిగునో మనకు తెలియును గనుక ఆ భావము చాలవఱకు చెల్లును. ఊరు దాటిన పిమ్మట ఈ రెండర్థములును విడిపోవును. రుచియైన నీరు కీడు చేయవచ్చును. రుచి లేని నీరు మేలైనది కావచ్చును. నేటి నా ప్రసంగమునకు సారమిదియే.

డెల్టావాసులకు నీటిరుచి తెలిసినంతగా ఇతరులకు తెలియదని చెప్పిన అతిశయోక్తి కాదు. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్టవలన కాలువలు పాఱి, కాలువలవలన ఊరూర మంచినీటి చెఱువులు నిండినవి. అయినను సముద్రమునకు దాపుననున్న గ్రామములలో బావి త్రవ్విన ఉప్పునీరు ఊఱుచోటులు నేటికిని కలవు. వేసవిలో కాలువలు కట్టివేయుటకు ముందుగా చెఱువు నింపుకొననిచో ఆ యూరి యవస్థ ఎట్లుండునో మీకు నేను చెప్పనక్కరలేదు. ఇట్లు తీపినీటికిని ఉప్పునీటికిని నడుమ పెరిగిన నాలుక మనది. అందుచేతనే పరదేశమున నీరు నోటబెట్టగానే మనము మొగము చిట్లింతుము.

పూర్వులు ఈ సంగతిని ఎంత శ్రద్ధతో చూచిరో తెలియవలెనన్న, ఏనుగుల వీరాస్వామయ్యగారి 'కాశీయాత్ర చరిత్ర' చూడవలెను. ఆయన 1830 మే నెలలో మదరాసునుండి పరివారముతో బయలుదేరి, కాశి సేవించి, తిరుగుప్రయాణమున మన తీరదేశము మీదుగా 1831 సెప్టెంబరులో ఇల్లు చేరెను. దారిపొడుగున మజిలీ మజిలీకి ఏ వస్తువులు దొరకునో, నీటి వసతి యెట్లున్నదో వ్రాసికొనుచు వచ్చెను. రైలు లేదు, మోటారు లేదు. డేరాలు, బోయీలు, కాలినడకయే గతి. నీటిని గూర్చి విచారింపక బస చేయుట ఆనాడు కుదరదు. నేడు రాత్రికి రాత్రి మూడువందల మైళ్లు పోవుచున్నాము. అడుగవలసిన ఆ ప్రశ్న అడుగుట మానివేసితిమి.

నీటికి రుచి ఎక్కడనుండి వచ్చును? శుద్ధజలమునకు రుచి లేదనియే చెప్పవచ్చును. నేలలోని లవణములు కొంచెము కరగియుండుటవలనను, గాలి కొంత కలిసియుండుటవలనను నీటికి హితవు కలుగును. లవణములు లీటరునకు 500 మిల్లీగ్రాములు మించకుండుట మేలనియు, వేఱు గతి లేనిచో 2000 వఱకు సహింపవచ్చుననియు మన దేశపు త్రాగునీటి ప్రమాణములలో నున్నది. యంత్రములచే వడగట్టి అమ్ము డబ్బానీటిలో లవణములు మిక్కిలి తగ్గియుండును గనుక అది చప్పగా నుండును. కాచిన నీరు గాలిని కోల్పోవుటచే చప్పబడును. చప్పదనము దోషము కాదు. తొట్టివాసన, ఎండలో నిలిచిన ప్లాస్టికు వాసన, పాకుడు వాసన, రబ్బరు గొట్టపు వాసన, ఇవి మాత్రము దోషములు. ఇవి ఊరినీటివి కావు, మన పాత్రవి. అనగా ప్రయాణములో నీరు చెడినదని మనము నిందించునపుడు తఱచుగా చెడినది నీరు కాదు, దానిని మోసిన పాత్ర.

రుచిని నమ్మి మోసపోవుటకు ఒక ప్రసిద్ధ దృష్టాంతము కలదు. 1854లో లండను నగరమున బ్రాడ్ వీధిలోని చేతిపంపు చుట్టును కలరా చెలరేగి వందలకొలది జనులు మరణించిరి. జాన్ స్నో అను వైద్యుడు ఇంటింట విచారించి, రోగము ఆ పంపునీటి మూలముననే వచ్చుచున్నదని చూపెను. ఆ విచారణలో ఒక చిత్రమైన సంగతి బయటపడెను. ఆ వీధికి మైళ్ల దూరమున, కలరా లేని హాంప్‌స్టెడ్ అను పేటలో ఒక వృద్ధురాలు కలరాచే మరణించెను. ఆమె పూర్వము బ్రాడ్ వీధిలో నివసించినది. ఆ నీటి రుచి మఱువలేక ప్రతిదినము బండిమీద ఒక పెద్ద సీసాడు నీరు తెప్పించుకొని త్రాగుచుండెను. చూడవచ్చిన ఆమె తోబుట్టువు కూతురును ఆ నీరే త్రాగి, తన యింటికి పోయి మరణించెను. ఊరంతటిలో రుచియైనదని పేరొందిన నీరే ప్రాణములు తీసినది. నాలుక ఉప్పును కనిపెట్టును, చేదును కనిపెట్టును, రోగబీజమును కనిపెట్టలేదు.

కన్ను సైతము అంతే. గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చినప్పుడు మన అవ్వలు కుండ లోపలివైపున ఇందుపగింజను రాచి నీరు పోసెడివారు. కొన్నిచోటుల దీనినే చిల్లగింజ యందురు. సంస్కృతమున కతకము. సుశ్రుతుడు నీటిని తేర్చు సాధనములలో దీనిని చేర్చెను. ఒండ్రు అడుగుకు దిగి, పైన నీరు అద్దమువలె తేఱును. ఇది గొప్ప విద్యయే. కాని తేఱిన నీరు రోగరహితమైన నీరు కాదు. ఒండ్రుతోపాటు క్రిములు కొన్ని దిగవచ్చును గాని అన్నియు దిగవు. రాగిబిందెలో రాత్రియంతయు నిలిపిన నీటిలో కొన్ని రోగక్రిములు నశించునని పరిశోధకులు చూపిరి. అదియు సహాయమే గాని పూర్ణరక్షణము కాదు. తేర్చుట మొదటి పని. కాచుట రెండవ పని. మొదటిది చేసి రెండవది మానరాదు.

కాచుట యనగా వేడిచేయుట కాదు. నీరు తెర్లి పొంగవలెను. పొంగిన పిదప మఱియొక నిమిషము ఆ పొంగు నిలువవలెను. కొండలమీద ఈ లెక్క మాఱును. బదరీనాథము సుమారు పదివేల అడుగుల ఎత్తున నున్నది. అచ్చట గాలి పలుచన గనుక నీరు సుమారు 90 డిగ్రీలకే పొంగును. అందుచేత అచ్చట మూడు నిమిషములు పొంగనీయవలెను. చార్‌ధామ యాత్రకు పోవువారు తమ వంటమనిషికి ఈ మాట తప్పక చెప్పవలెను.

కాచిన నీటికి పోయిన రుచిని మరల తెచ్చుట సులభము. చల్లాఱిన పిదప శుభ్రమైన రెండు చెంబులు తీసికొని, ఒకదానినుండి ఒకదానికి ఎత్తుగా నాలుగైదు సారులు తిరుగబోసిన గాలి మరల కలియును. కాఫీ చల్లార్చువానికి ఈ విద్య నేర్పనక్కరలేదు. మూతగల స్టీలు బిందెలో రాత్రి నిలిపిన మఱునాటి కాచిననీరు ఇంకను బాగుండును. మునుచేతులు ముంచక, పిడిగల గరిటెతో తీయవలెను. కొళాయి అమర్చిన బిందె యైన మఱియు మేలు.

బండిలోని తొట్టిని గూర్చి రెండు మాటలు. స్నానపానములకు ఒకే తొట్టి పనికిరాదు. త్రాగు నీటికి వేఱు పాత్ర, వేఱు గొట్టము ఉండవలెను. చేతులు కడుగు గొట్టము త్రాగునీటి తొట్టిలో పెట్టరాదు. బయలుదేరుటకు ముందు తొట్టిని బ్లీచింగు పొడి కలిపిన నీటితో కడిగి, ఆ నీరు పాఱబోసి, వాసన పోవువఱకు మంచినీటితో తొలిచి, ఎండలో ఆఱబెట్టవలెను. దారిలో నింపునపుడు కొళాయిని కొంతసేపు విడిచి, గొట్టములో నిలిచిన నీరు పోయిన పిదప పట్టవలెను. కాచుటకు వీలు లేనిచోట క్లోరిను గతి. తేఱిన నీటికి వేయి లీటర్లకు రెండున్నర గ్రాముల క్రొత్త బ్లీచింగు పొడి చొప్పున కలిపి, గంటసేపు నిలుపుట పారిశుద్ధ్యశాస్త్రము చెప్పు లెక్క. ఆ ప్రకారము 200 లీటర్ల పీపాకు అరగ్రామే పట్టును. అంత స్వల్పము తూచుట కష్టము గనుక, మందులయంగడిలో దొరకు క్లోరిను బిళ్లలను పొట్లముమీది లెక్క చూచి వేయుట సులభము. క్లోరిను వాసనకు వెఱవనక్కరలేదు. గంట గడచిన పిదప నీటిని వెడల్పు పాత్రలో పోసి, పలుచని గుడ్డ కప్పి కొంతసేపు నిలిపిన వాసన చాలవఱకు పోవును.

ఎంత నీరు కావలెను? మనిషికి దినమునకు మూడు లీటర్లు త్రాగుటకని లెక్కించినచో, నలుబదిమందికి 120 లీటర్లు. అనగా 20 లీటర్ల డబ్బాలు ఆఱు. వేసవిలో ఇంకను ఎక్కువ. డబ్బాలు ఎండ తగులని చోట నుంచవలెను. ఈ లెక్క ముందుగా వేసికొననివారే నడిమార్గమున ఏ గుంటనీరైన పట్టుదురు.

ఇక మంచుగడ్డ. మన దేశమునకు మంచుగడ్డ ఒకప్పుడు ఓడలమీద వచ్చినదన్న నేటి పిల్లలు నమ్మరు. 1833లో అమెరికాలోని బోస్టను రేవునుండి 180 టన్నుల మంచు ఎక్కించిన ఓడ నాలుగు నెలలు సముద్రముమీద నడచి కలకత్తా చేరెను. దారిలో కరగినది కరగగా సుమారు 100 టన్నులు మిగిలెను. చలికాలమున గడ్డకట్టిన చెఱువులనుండి కోసి, రంపపు పొట్టులో పొదివి పంపిన మంచు అది. అట్టి మంచును దాచుటకే మదరాసు సముద్రతీరమున 1842లో ఐస్ హౌస్ అను కట్టడము లేచెను. 1897లో వివేకానందస్వామివారు పడమటి దేశములనుండి మరలి వచ్చి బస చేసిన భవనమదియే.

ఆ చెఱువుమంచు స్ఫటికమువలె నుండెడిదని ప్రసిద్ధి. కారణము తెలిసిన మనము ఇంటిలోనే అట్టి గడ్డ చేసికొనవచ్చును. చెఱువు పైనుండి క్రిందికి, మెల్లమెల్లగా గడ్డకట్టును. నీరు గడ్డకట్టునపుడు తనలోని లవణములను, గాలిని బయటికి నెట్టును. పైనుండి కట్టినపుడు అవి క్రింది నీటిలోనికి దిగిపోవును, పైగడ్డ నిర్మలమగును. మఱి నేటి ఐసు కార్ఖానాలలో డబ్బాను ఉప్పునీటి తొట్టిలో దింపుటచే అన్నివైపులనుండి ఒక్కసారిగా గడ్డకట్టును. మాలిన్యమునకు పోవుటకు దారి లేక నడుమకు చేరును. గడ్డ మధ్యమున తెల్లగా కనబడు చార అదియే. ఫ్రిజ్జులోని చిన్న గడ్డల మాటయు అంతే.

రుచియైన గడ్డ కావలెనన్న ఇట్లు చేయవలెను. కాచి చల్లార్చిన నీటిని, ప్రక్కలను అడుగును దళసరి థర్మోకోలు గల పెట్టెలో, పైన తెఱచి ఉంచి, ఫ్రిజ్జులో గడ్డకట్టు అఱలో పెట్టవలెను. చలి పైనుండి మాత్రమే తగులును. మూడువంతులు గట్టిపడగానే తీసి, అడుగున మిగిలిన నీరు పాఱబోయవలెను. పైగడ్డ అద్దమువలె నుండును. అఱలో చేపలు, ఉల్లి, ఇంగువ ఉంచరాదు. గడ్డ ఏ వాసననైనను పట్టుకొనును; గట్టిపడిన పిదప మూతగల పాత్రలోనికి మార్చవలెను.

ఇది రుచి మాట. క్షేమము మాట వేఱు. మంచు క్రిములను చంపదు, నిద్రపుచ్చును. గడ్డ గ్లాసులో కరగగానే అవి మేల్కొనును. కావున మంచుగడ్డను గూర్చి అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: అది ఏ నీటితో చేసినది? రెండవది దాని తోబుట్టువు: ఏ చేతులమీదుగా వచ్చినది?

పేరు చెప్పనక్కరలేని ఒక రేవులో నేను లాంచీకొఱకు వేచియుండగా, నిమ్మరసము అమ్ము కుఱ్ఱవాడొకడు, "తాతగారూ, కూసింత ఐసు వెయ్యమంటారా అండీ?" అని అడిగెను. గోనెపట్టాలో గడ్డను చూచితిని. దానికి చేపపొలుసు అంటియున్నది. "ఈ గడ్డ ఎక్కడిది నాయనా?" అంటిని. "చేపల పెట్టెల కాడ నుంచి తెచ్చానండీ. శుభ్రంగా కడిగేశానండీ, ఆయ్!" అని సంతోషముగా చెప్పెను. వానియందు కపటము లేదు. గడ్డ యెచ్చటిదైనను గడ్డయే యని వాని నమ్మకము. మన మండలములలో చేపలు, రొయ్యలు పెట్టెలకెత్తి దూరదేశములకు పంపుటకు టన్నులకొలది మంచు కావలెను. ఆ మంచు త్రాగుటకై చేసినది కాదు. ఈ రెండును కలియకుండుటకే, తినుటకు ఉద్దేశింపని మంచులో నీలిరంగు కలుపవలెనని ఆహారభద్రతాసంస్థవారు 2018లో విధించిరి. నీలిరంగు గడ్డ గ్లాసులో పడరాదు. తెల్లనిదెల్ల త్రాగదగినదనియు అనుకొనరాదు. తెలుపుతోపాటు మూలమును విచారింపవలెను.

మూలము తెలియని గడ్డ మాత్రమే దొరకినచో చల్లదనమును వదలుకొనవలెనా? అక్కరలేదు. మంచు నీటిలో కలియకయే నీరు చల్లబడును. బకెట్టులో మంచు వేసి, మూత బిగించిన నీటిసీసాలను దానిలో నిలిపి, గోనె కప్పిన చాలును. ఒక కిలో మంచు కరగుటకు పీల్చు వేడి, ఒక కిలో నీటిని 80 డిగ్రీలు చల్లార్చినంత. కావున రెండు మూడు కిలోల గడ్డతో పది లీటర్ల నీరు హాయిగా చల్లబడును. సీసా తీసి, పైతడి తుడిచి, మూత తీయవలెను. చల్లదనము లోపలికి వచ్చును, మాలిన్యము వెలుపలనే నిలుచును.

మంచు లేనిచోట మట్టికూజా కలదు. కూజా చెమర్చి, ఆ చెమ్మ గాలికి ఆవిరియగుటచే నీరు చల్లబడును. సముద్రపుగాలిలో తేమ హెచ్చు గనుక మన తీరమున కూజా అంతగా పని చేయదు. నాగపురము దాటి ఉత్తరమునకు పోవుకొలది, వేసవి పొడిగాలిలో అదే కూజా ఎంతో చల్లనినీరు ఇచ్చును. ఇంటివద్ద పనికిరాదని దానిని యాత్రకు తీసికొనిపోకుండుట పొరపాటు.

ఇంత జాగ్రత్తపడినను ఎవరికైన విరేచనములు పట్టినచో, మొదటి చికిత్స నీరే. కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో చిన్న చెంచాతో చదునుగా ఆఱు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా త్రాగింపవలెను. నీరు మానిపించుట ప్రమాదము. వృద్ధులను, శిశువులను జాగు చేయక వైద్యునికి చూపవలెను.

కొందఱు పెద్దలు, "గంగనీరు పవిత్రము, దానిని కాచుట యేమి?" అందురు. తీర్థము పవిత్రమని తలచుటకును, త్రాగునీరు శుభ్రముగా నుండవలెనని కోరుటకును విరోధము లేదు. తలమీద చల్లుకొనుట భక్తి. కాచి త్రాగుట బుద్ధి. రెండును ఒకే మనిషియందు ఉండవచ్చును.

గ్రామములో యాత్రకు ముందు నడచువారు మీరు. బస్సు మాటలాడునపుడు బాడుగ యెంత, బస యెక్కడ అని అడుగుదురు. ఇకమీద మఱి మూడు ప్రశ్నలు చేర్చుడు. త్రాగునీటికి వేఱు తొట్టి యున్నదా? దానిని ఎన్నడు కడిగిరి? దారిలో నీరు ఎచ్చట నింపుదురు? సరియైన జవాబు రానిచో ఆ బస్సు కదలరాదు. వేసవిలో మీరు పెట్టు చలివేంద్రమునకును ఈ ప్రశ్నలే వర్తించును. దాహము తీర్చుట పుణ్యమైనచో, ఆ నీరు రెండర్థములందును మంచినీరుగా నుండునట్లు చూచుట ఆ పుణ్యమునకు మొదటి మెట్టు.

సెలవు.